మనిషిని అంతరిక్షంలోకి పంపే ఖర్చు ఎవరిది? ప్రభుత్వానిదా, ప్రైవేటుదా?

ధ్రువతార:

"ప్రైవేటు కంపెనీలు ఇంత చవగ్గా రాకెట్లు పంపుతుంటే ప్రభుత్వాలు ఇంకా ప్రజల డబ్బు ఎందుకు పోయాలి?" అంతరిక్షం గురించి ఎక్కడ మాట వచ్చినా ఈ మధ్య ఈ ప్రశ్న వినిపిస్తోంది. దీని మీద కాస్త తీరిగ్గా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఉపగ్రహాల సంగతి పక్కన పెడదాం. ఫోన్లు, టీవీ, ఇంటర్నెట్ కోసం వాటికి డబ్బు కట్టేవాళ్లు ఉన్నారు, వ్యాపారం తన కాళ్ల మీద తను నిలబడింది. మనుషులు వెళ్లే ప్రయాణాల గురించే నేను అడుగుతున్నది.

ముందు నా మాట చెబుతాను. మనుషుల ప్రయాణాల్లో ప్రైవేటు అని మనం పిలుస్తున్న దాంట్లో చాలా భాగం ప్రభుత్వం డబ్బిచ్చి కొనుక్కున్న సర్వీసే. 2014 సెప్టెంబరులో వ్యోమగాముల్ని తీసుకెళ్లి తెచ్చే పనికి నాసా రెండు కాంట్రాక్టులు ఇచ్చింది. బోయింగ్‌కు 420 కోట్ల డాలర్ల వరకు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్ల వరకు. 2020 మే 30న ఇద్దరు వ్యోమగాములతో బయల్దేరిన స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్ ఆ డబ్బుతో తయారైందే.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్లిన యాక్సియం-4 సంగతే చూడండి. యాత్ర ఏర్పాటు చేసింది ఒక ప్రైవేటు కంపెనీ, ఎక్కించుకుని వెళ్లింది మరో ప్రైవేటు కంపెనీ. అయితే భారత్, పోలండ్, హంగరీ సీట్లకు డబ్బు వచ్చింది ప్రభుత్వాల నుంచి. వాళ్లు చేరుకున్న అంతరిక్ష కేంద్రం కూడా ప్రభుత్వాలు కలిసి కట్టుకున్నదే. అమ్మేవాడు మారాడు గానీ కొనేవాడు మారలేదు. ఆ కొనేవాడు రేపు తప్పుకుంటే ఈ వ్యాపారంలో ఎంత మిగులుతుంది అన్నది నా ప్రశ్న.

పద్దుపుస్తకం:

ధ్రువతార గారూ, కొంటున్నది ప్రభుత్వమే అన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ ఎవరు కొన్నారో చూసి ఎంతకు కొన్నారో చూడకపోతే లెక్క సగంలోనే ఆగిపోతుంది.

నాసా 2011లో తన సొంత అంచనా పద్ధతితో ఒక లెక్క వేసింది. ఫాల్కన్ 9 లాంటి రాకెట్‌ను పాత పద్ధతిలో చేయించి ఉంటే దాదాపు 400 కోట్ల డాలర్లు అయ్యేదని అందులో తేలింది. దాన్ని కట్టిన స్పేస్‌ఎక్స్‌కు నిజంగా అయిన ఖర్చు, అంతకుముందు కట్టిన చిన్న రాకెట్ ఫాల్కన్ 1తో కలిపి, 39 కోట్ల డాలర్లు. ఆ ఖర్చును నాసా సరిచూసింది కూడా. అంటే పదో వంతు.

ఇటువైపు నాసా పాత పద్ధతిలో చేయించిన భారీ రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్‌ను చూడండి. మనుషుల్ని మళ్లీ చంద్రుడి వైపు పంపే ఆర్టెమిస్ పథకంలో మొదటి నాలుగు ప్రయోగాలకు ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లు అవుతుందని నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్ 2022 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్‌కు చెప్పారు. రాకెట్, వ్యోమగాములు కూర్చునే ఓరియన్ క్యాప్సూల్, నేల మీది ఏర్పాట్లు అన్నీ కలిపి ఒక్క ప్రయోగానికి. ఆ రాకెట్ అడుగున ఉండే ఆర్‌ఎస్-25 ఇంజన్లు స్పేస్ షటిల్ కోసం తయారైనవి, ఎగిరి, తిరిగొచ్చి, శుభ్రం చేయించుకుని మళ్లీ ఎగిరినవి. 2022 నవంబరు 16న ఆర్టెమిస్-1లో వాడిన నాలుగూ అలా షటిల్ మీద పనిచేసినవే. ఈసారి మాత్రం అవి సముద్రంలో పడిపోయాయి. మళ్లీ మళ్లీ వాడగలిగే ఇంజన్‌ను ఒక్కసారి వాడి పారేసే పద్ధతి పెట్టుకుని, దాన్ని దేశసేవ అనమంటే నాకు మనసొప్పదు.

పాలపుంత:

పద్దుపుస్తకం గారి అంకెలు సరైనవే. కానీ ఎస్‌ఎల్‌ఎస్‌ను ఎవరు తయారు చేస్తున్నారో కూడా చెప్పాలి కదా. మధ్య భాగం బోయింగ్‌ది, పక్క బూస్టర్లు నార్త్‌రోప్ గ్రమ్మన్‌వి, ఓరియన్ లాక్‌హీడ్ మార్టిన్‌ది. అన్నీ ప్రైవేటు కంపెనీలే. అపోలో కాలంలోనూ అంతే. వ్యోమగాములు కూర్చున్న క్యాప్సూల్ నార్త్ అమెరికన్ ఏవియేషన్‌ది, చంద్రుడి మీద దిగిన ల్యాండర్ గ్రమ్మన్‌ది, శాటర్న్-5 రాకెట్ మొదటి దశ బోయింగ్‌ది.

అందుకే ప్రభుత్వమా, ప్రైవేటా అని అడిగితే జవాబు దొరకదు. చేతులు ఎప్పుడూ ప్రైవేటువే. తేడా వచ్చేది ఒప్పందం రాసుకునే తీరులో. ఖర్చు పెరిగితే ఎవరి జేబుకు చిల్లు పడుతుంది? తయారైన నౌక ఎవరిది అవుతుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే మిగతాది చాలావరకు అర్థమైపోతుంది.

కొత్తచూపు:

నాకు ఈ విషయాలు కొత్త. ఒప్పందం తీరు అంటే ఏమిటో కాస్త విడమరిచి చెబుతారా? ఒకే కంపెనీ, ఒకే నాసా. కాగితం మారితే ఖర్చు పది రెట్లు ఎలా మారుతుంది?

పాలపుంత:

తప్పకుండానండీ. పాత పద్ధతిని కాస్ట్ ప్లస్ అంటారు. కంపెనీ చూపించిన ఖర్చంతా ప్రభుత్వం ఇస్తుంది, దాని మీద కొంత లాభం కూడా ఇస్తుంది. పని ఆలస్యమైతే ఆ అదనపు నెలల జీతాలూ ప్రభుత్వం ఖాతాలోకే పోతాయి. డిజైన్, ప్రతి భాగం వివరాలు, చివరికి నౌక అన్నీ ప్రభుత్వానివే. ఇదేదో మోసం అనుకోకండి. 1962లో చంద్రుడి మీద దిగే నౌకకు రేటు చెప్పమంటే ఏ కంపెనీ చెప్పగలదు? అలాంటిది అంతకుముందు లోకంలో లేదు. తెలియని పనికి ముందే ధర ఖాయం చేయమంటే, బుద్ధున్న కంపెనీ టెండర్‌కే రాదు. అసలు చిక్కు ఎక్కడంటే, బాగా తెలిసిన పనులకు కూడా అదే పద్ధతి దశాబ్దాల పాటు కొనసాగింది.

కొత్త పద్ధతి నాసా 2006లో సరుకు రవాణా కోసం మొదలుపెట్టిన కాట్స్ పథకంతో వచ్చింది. ఇందులో ధర ముందే ఖాయం. పనిని మెట్లుగా విడగొడతారు. డిజైన్ సమీక్ష ఒక మెట్టు, ఇంజన్ పరీక్ష ఒకటి, ప్రదర్శన ప్రయాణం ఇంకొకటి. ఒక్కో మెట్టు ఎక్కితే దానికి రాసుకున్న మొత్తం చేతికొస్తుంది. ఎక్కకపోతే రాదు. కంపెనీ తన వంతు డబ్బు కూడా పెట్టాలి, నౌక కూడా కంపెనీదే, తర్వాత వేరేవాళ్లకు అమ్ముకోవచ్చు.

ఆ పథకంలో మొదట ఎంపికైన రెండు కంపెనీల్లో ఒకటి స్పేస్‌ఎక్స్, రెండోది రాకెట్‌ప్లేన్ కిస్లర్. ఈ రెండో పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. బయటి నుంచి పెట్టుబడి తెస్తామన్న మెట్టు దగ్గర అది ఆగిపోయింది. నాసా 2007లో ఒప్పందం రద్దు చేసి, మిగిలిన డబ్బుతో 2008లో ఆర్బిటల్ సైన్సెస్‌ను తెచ్చుకుంది. విఫలమైన పందెం మీద ఇంకా డబ్బు పోయకుండా ఆగగలగడం ఈ పద్ధతికి ప్రాణం. పాత పద్ధతిలో ఆ ఆగడం చాలా కష్టం, ఎందుకంటే అప్పటికి పది రాష్ట్రాల్లో ఉద్యోగాలు దాని మీద ఆధారపడిపోయి ఉంటాయి.

కొత్తచూపు:

ధన్యవాదాలండీ, ఇప్పుడు అర్థమైంది.

నేలమీదనడక:

మీరంతా ఎవరి జేబు అని అడుగుతున్నారు. అసలు మనుషులే ఎందుకు వెళ్లాలి అన్నది నా ప్రశ్న. వోయేజర్ నౌకలు 1977లో బయల్దేరి సూర్యుడి నుంచి వీచే కణాల గాలి చేరే హద్దు కూడా దాటాయి. అంగారకుడి మీద రోవర్లు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. వాటికి ఊపిరి అక్కర్లేదు, తిరుగు ప్రయాణం అక్కర్లేదు. 1966లో అమెరికా తన ఫెడరల్ బడ్జెట్‌లో 4 శాతానికి పైగా నాసాకు ఇచ్చింది. దాని వెనక ఉన్నది సోవియట్లతో పోటీ, శాస్త్రం మీద ప్రేమ కాదు. పోటీ తీరిపోగానే 1972 డిసెంబరులో అపోలో-17తో ఆ యాత్రలు ఆగిపోయాయి. మనుషుల్ని పంపాలన్న కోరిక కొందరు కోటీశ్వరులకు ఉంటే, వాళ్ల డబ్బుతో వాళ్లనే పోనివ్వండి. ప్రజల డబ్బు రోబోలకు ఇవ్వండి.

ధ్రువతార:

నేలమీదనడక గారూ, పోటీ గురించి మీరన్నది నిజం. కానీ ఇప్పుడు నాసా వాటా అమెరికా బడ్జెట్‌లో అర శాతం కూడా లేదు, అందులో మనుషుల ప్రయాణాలకు పోయేది ఒక భాగమే. అపోలో-17లో వెళ్లిన హారిసన్ ష్మిట్ భూగర్భ శాస్త్రవేత్త. నడుస్తూ నడుస్తూ కాలి కింద మట్టి నారింజ రంగులో ఉందని గమనించి, అక్కడే ఆగి, తవ్వి తెచ్చారు. కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వతం చిమ్మిన గాజు పూసలవి. శిక్షణ పొందిన కళ్లు చేసే పని అది. రోబోలు వద్దని నేను అనడం లేదు. రెండూ కావాలంటాను.

ఇక కోటీశ్వరుల డబ్బుతో పోనివ్వండి అన్నారు. వాళ్లు వెళితే కనుక్కున్నది ఎవరిది అవుతుంది? అపోలో తెచ్చిన 382 కిలోల రాళ్లను ప్రపంచంలోని ప్రయోగశాలలు అరువడిగి ఇప్పటికీ పరీక్షిస్తున్నాయి. ఒక కంపెనీ తన డబ్బుతో తెచ్చుకున్న రాయి విషయంలో అలా అడిగే హక్కు మనకు ఉండదు. 2015 నుంచి అమెరికా చట్టం ప్రకారం అంతరిక్షంలో తవ్వి తీసిన వనరు తవ్విన అమెరికన్ పౌరుడి సొంతం.

సుదూరం:

కోటీశ్వరుల డబ్బును అంత తేలిగ్గా తీసెయ్యకండి. అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్ ద్రవ ఇంధన రాకెట్ల మీద పనిచేస్తున్నప్పుడు పత్రికలు ఆయన్ని ఎగతాళి చేశాయి. 1930లో డేనియల్ గగ్గెన్‌హైమ్ అనే ధనవంతుడు ఇచ్చిన డబ్బుతోనే ఆయన రోజ్‌వెల్ వెళ్లి తన ప్రయోగాలు సాగించారు. ప్రభుత్వాలకు నమ్మకం కుదరని చోట ఒక మనిషి నమ్మకం పని జరిపించింది.

చాలామందికి తెలియని ఇంకో కథ మీర్‌కార్ప్ అనే కంపెనీది. 2000 ఏప్రిల్‌లో ఇద్దరు రష్యన్ వ్యోమగాములు, అప్పటికి మూసిపెట్టి ఉన్న రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌కు వెళ్లి మళ్లీ దాన్ని నడిపించారు. ఆ యాత్రకు డబ్బు పెట్టింది ఈ ప్రైవేటు కంపెనీయే. తర్వాత డబ్బు సమకూరలేదు, 2001 మార్చి 23న మీర్‌ను పసిఫిక్‌లో పడేశారు. అక్కడికి వెళ్లాల్సిన అమెరికన్ వ్యాపారి డెన్నిస్ టిటో నెల రోజుల తర్వాత రష్యా నౌక సోయుజ్‌లో అంతర్జాతీయ కేంద్రానికి వెళ్లారు, సొంత డబ్బుతో వెళ్లిన మొదటి పర్యాటకుడు ఆయన.

2024 సెప్టెంబరులో డ్రాగన్‌లో సాగిన పొలారిస్ డాన్ యాత్రకు అమెరికన్ వ్యాపారి జారెడ్ ఐజాక్‌మన్ తన డబ్బు పెట్టారు. నలుగురూ దాదాపు 1,400 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు. అపోలో తర్వాత అప్పటిదాకా మనుషులు అంత దూరం వెళ్లలేదు. కొత్త స్పేస్‌సూట్ వేసుకుని ఇద్దరు క్యాప్సూల్ తలుపులోంచి పైకి లేచి పరీక్షించారు. ప్రభుత్వం ఒక్క పైసా పెట్టకుండా కొత్త సూట్ పరీక్ష జరిగిపోయింది కదా.

పాలపుంత:

ఆ యాత్ర నాకూ చాలా నచ్చింది. కానీ ఆ డ్రాగన్ తయారీ ఖర్చు 2014 కాంట్రాక్టులోంచి వచ్చిందని మరవకూడదు. అదీకాక, ఒక్క మనిషి ఉత్సాహం మీద నిలబడ్డ యాత్రకు మరోవైపు కూడా ఉంది. జపాన్ వ్యాపారి యుసాకు మేజావా 2018లో డియర్‌మూన్ ప్రకటించారు. చంద్రుణ్ని చుట్టి రావడానికి కళాకారుల్ని ఎంపిక చేశారు. 2023లో అనుకున్నది జరగలేదు, 2024 జూన్‌లో ఆయనే రద్దు చేశారు. ఆయన డబ్బు, ఆయన ఇష్టం, తప్పేమీ లేదు. కానీ ఇరవై ఏళ్లు పట్టే పనిని అలాంటి పునాది మీద కట్టలేం.

పద్దుపుస్తకం:

ఒక్క మనిషి ఇష్టం నిలకడ లేనిదే. మరి ప్రభుత్వాల నిలకడ ఏపాటిది? మళ్లీ చంద్రుడి మీదికి అంటూ మొదలుపెట్టిన కాన్‌స్టెలేషన్ పథకాన్ని 2010లో ఆపేశారు. చంద్రుడి మీద నడిచిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, యూజీన్ సెర్నన్ స్వయంగా సెనేట్ ముందుకొచ్చి అభ్యంతరం చెప్పినా ఫలితం లేకపోయింది. 2026 ఆర్థిక సంవత్సరానికి వైట్‌హౌస్ పంపిన ప్రతిపాదనలో నాసా బడ్జెట్‌ను దాదాపు పావు వంతు కోయమన్నారు. ఏటేటా బడ్జెట్, నాలుగేళ్లకోసారి ఎన్నికలు. దీన్ని నమ్ముకుని దీర్ఘకాలం పని చేయడం ఎలా?

ఇంధనం:

ఇంజన్లతో పనిచేసేవాడిగా నాకు ఈ చర్చలో, 2014 కాంట్రాక్టుతో బోయింగ్ కట్టిన నౌక స్టార్‌లైనర్ కథ అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. రెండు పక్షాలకూ అందులో విషయం ఉంది.

2024 జూన్ 5న సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ అందులో బయల్దేరారు. ఎనిమిదో పది రోజులో ఉండి రావాలి. మర్నాడు కేంద్రాన్ని సమీపిస్తుండగా నౌకను చిన్నచిన్నగా కదిలించే 28 థ్రస్టర్లలో ఐదు ఆగిపోయాయి. హీలియం లీకులు అప్పటికే ఉన్నాయి. థ్రస్టర్లు వేడెక్కి, ఇంధనాన్ని మండించే ఆక్సిడైజర్ వచ్చే వాల్వ్‌లో చిన్న టెఫ్లాన్ సీల్ ఉబ్బి దారికి అడ్డం పడిందని నేల మీద చేసిన పరీక్షల్లో కనబడింది. ఐదులో నాలుగు మళ్లీ పనిచేశాయి, నౌక చేరింది. కానీ ఆ సీల్ తిరుగు ప్రయాణంలో ఎలా ఉంటుందో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. బోయింగ్ ఫర్వాలేదు అంది. నాసా వద్దంది. సెప్టెంబరులో స్టార్‌లైనర్ ఖాళీగా దిగింది, వాళ్లిద్దరూ 2025 మార్చిలో డ్రాగన్‌లో వచ్చారు.

ఇందులో నాకు కనబడేవి మూడు. ధర ఖాయం చేసిన ఒప్పందం గనుక ఆ నష్టం, 200 కోట్ల డాలర్లు దాటినది, బోయింగ్ భరించింది, పన్ను కట్టేవాళ్లు కాదు. రెండోది, వద్దు అనగలిగే ఇంజినీర్లు కొనేవాడి దగ్గర ఉన్నారు. మూడోది, 2014లో ఒక్క కంపెనీనే ఎంచుకుని, అది బోయింగే అయి ఉంటే? అప్పట్లో ఎక్కువ అనుభవం ఉన్నది దానికే. ఇద్దరికి డబ్బివ్వడం దుబారా అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రెండో కాంట్రాక్టే వాళ్లను ఇంటికి చేర్చింది.

నేలమీదనడక:

ఇంధనం గారు చెప్పిన రెండో విషయం దగ్గర ఆగుదాం. డబ్బు కట్టి వెళ్లే పర్యాటకుడి తరఫున వద్దు అనేది ఎవరు? అమెరికాలో 2004 చట్టం ప్రకారం నౌకలోని ప్రయాణికుల భద్రత మీద నియమాలు పెట్టే అధికారం విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏకు దాదాపు లేదు. నేల మీది జనానికి ప్రమాదం లేకుండా చూస్తుంది. లోపల కూర్చున్నవాళ్లు మాత్రం ప్రమాదం తెలిసే వెళుతున్నామని సంతకం పెడితే చాలు. నియమాలు పెట్టకూడదన్న ఈ గడువును పొడిగిస్తూ పొడిగిస్తూ 2028 జనవరి 1 దాకా తెచ్చారు.

ఇంధనం:

సరిగ్గా పట్టుకున్నారు. అయితే ప్రభుత్వమే నడిపితే భద్రం అనుకోలేం. 1986లో ఛాలెంజర్, 2003లో కొలంబియా, ఈ రెండు షటిల్ ప్రమాదాల్లో పద్నాలుగు మంది పోయారు. ఛాలెంజర్‌కు ముందు రాత్రి, చలికి రబ్బరు సీళ్లు పనిచేయవు, ఆపండి అని మొత్తుకున్నది ప్రైవేటు కంపెనీ మోర్టన్ థయకాల్ ఇంజినీర్లు. నాసా ఒత్తిడికి ఆ కంపెనీ యాజమాన్యం తలొగ్గింది. స్వతంత్రంగా చూసేవాడు మూడోవాడై ఉండాలి.

సుదూరం:

చట్టం సంగతి వచ్చింది గనుక, 1967 అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు కంపెనీ అంతరిక్షంలో ఏం చేసినా దాని దేశానికే బాధ్యత. అనుమతి ఇవ్వాలి, కనిపెట్టుకుని ఉండాలి.

ధ్రువతార:

అవును, బాధ్యత నుంచి ప్రభుత్వం ఎలాగూ తప్పుకోలేదు. అలాంటప్పుడు డబ్బు దగ్గర మాత్రం ఎందుకు తప్పుకోవాలి?

పద్దుపుస్తకం గారు ప్రభుత్వాల నిలకడ గురించి అడిగారు, న్యాయమైన ప్రశ్న. కానీ ఏ కాంగ్రెస్ అయినా కోత పెట్టాలంటే విచారణలు జరుగుతాయి, ఓటు పడుతుంది, ఎదురు మాట్లాడటానికి ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఒక కుర్చీ ఉంటుంది. 2025 జూన్ 5న ఏం జరిగిందో గుర్తుందా? అధ్యక్షుడితో గొడవ పడి ఎలాన్ మస్క్ డ్రాగన్‌ను పక్కన పెట్టేస్తామని సోషల్ మీడియాలో రాసేశారు. కొన్ని గంటల్లో వెనక్కి తీసుకున్నారు, అది వేరే మాట. ఆ కొన్ని గంటల పాటు అమెరికా చేతిలో వ్యోమగాముల్ని కేంద్రానికి పంపే దారి ఒక్క మనిషి కోపం మీద ఆధారపడి ఉంది. స్టార్‌లైనర్ అప్పటికి ఎగిరే స్థితిలో లేదు. నాకు కంపెనీల మీద కోపం లేదు, చవకగా చేసినందుకు గౌరవమే ఉంది. కానీ ఒక్కరే మిగిలినప్పుడు చవక అన్న మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? షటిల్ 2011 జులైలో ఆగిపోయాక తొమ్మిదేళ్ల పాటు సోయుజ్ ఒక్కటే దారి. సీటు ధర పెరుగుతూ పెరుగుతూ 8 కోట్ల డాలర్లు దాటింది. అమ్మింది ప్రభుత్వ సంస్థే, కొన్నదీ ప్రభుత్వ సంస్థే. పోటీ లేకపోతే ఎవరైనా అంతే.

పద్దుపుస్తకం:

ఈ మాటతో ఏకీభవిస్తాను. పోటీ ఉండేలా చూసే పని కొనేవాడిదే, ఆ పనికి ప్రజల డబ్బు పెట్టొచ్చు. చంద్రుడి ల్యాండర్ విషయంలో నాసా అదే చేసింది. 2021 ఏప్రిల్‌లో డబ్బు చాలక స్పేస్‌ఎక్స్ ఒక్కదానికే 289 కోట్ల డాలర్లు ఇచ్చి, 2023 మేలో బ్లూ ఆరిజిన్‌కు 340 కోట్లతో రెండో కాంట్రాక్టు ఇచ్చింది. నాకు మింగుడు పడనిది ఎస్‌ఎల్‌ఎస్ మాత్రమే.

కొత్తచూపు:

ఇంకొక్క సందేహం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని 2030 తర్వాత దించేస్తారని చదివాను. మరి ఆ తర్వాత వీళ్లంతా ఎక్కడికి వెళతారు?

పాలపుంత:

మంచి చోటికి తెచ్చారు, ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్నదంతా అక్కడ పరీక్షకు నిలబడబోతోంది. దించే నౌక కోసం 2024 జూన్‌లోనే స్పేస్‌ఎక్స్‌కు 84 కోట్ల డాలర్ల దాకా కాంట్రాక్టు ఇచ్చారు. పాత కేంద్రం స్థానంలో కంపెనీలే కేంద్రాలు కట్టి నడుపుతాయని, అద్దెకు దిగే ఒక కస్టమర్‌గా తాను ఉంటానని నాసా ఆలోచన. యాక్సియం, స్టార్‌ల్యాబ్, ఆర్బిటల్ రీఫ్ పేర్లు వినే ఉంటారు. ఒంటరిగా కట్టాలనుకున్న నార్త్‌రోప్ గ్రమ్మన్ 2023లో విరమించుకుని స్టార్‌ల్యాబ్ వాళ్లతో చేరింది. గాలి నింపి విస్తరించే కేంద్రాల మీద ఏళ్ల తరబడి సొంత డబ్బు పెట్టిన బిగెలో సంస్థ 2020 మార్చిలో ఉద్యోగులందర్నీ పంపించేసింది.

రవాణాకు ఒక అనుకూలం ఉండేది. వెళ్లాల్సిన చోటు అప్పటికే ఉంది, ఏటా ఎన్ని ప్రయాణాలు కావాలో ముందే తెలుసు. సరుకు రవాణాకు 2008 డిసెంబరులో స్పేస్‌ఎక్స్‌కు 12 ప్రయాణాల ఆర్డరు దొరికింది కాబట్టే ఆ కంపెనీ నిలదొక్కుకుంది. కేంద్రాలకు అలాంటి ఖాయమైన ఆర్డరు ఇంకా లేదు. పర్యాటకులు, సినిమావాళ్లు, మందుల కంపెనీలు వస్తారని అంచనాలు వేస్తున్నారు గానీ, కేంద్రాన్ని పోషించేంత మంది ఇంతవరకు రాలేదు.

నన్నడిగితే నాసా, యూరప్, జపాన్ కలిసి ఫలానా ఏడాది నుంచి ఇన్ని పడకలు, ఇన్ని ప్రయోగాల అరలు, ఇన్నేళ్ల పాటు కొంటామని ఇప్పుడే రాసివ్వాలి. కనీసం రెండు కేంద్రాల దగ్గర. పాత కేంద్రాన్ని దించే తేదీని కొత్తది పనిచేయడంతో ముడిపెట్టాలి. చైనా అంతరిక్ష కేంద్రం తియాన్‌గోంగ్ 2022లోనే పూర్తయింది, అక్కడ మనుషులు ఎప్పుడూ ఉంటున్నారు, దాని ఖర్చంతా ప్రభుత్వానిదే. మిగతావాళ్లకు 2011 తర్వాతి తొమ్మిదేళ్ల లాంటి ఖాళీ మళ్లీ వస్తే, ఈసారి సీటు కొనుక్కుని వెళ్లడానికి కూడా చోటు ఉండదు.